ట్రాప్ ఊళ్ళో 1743 నాటి జర్మన్ మందిరం: గుంటూరు మూలాలు వెతుక్కుంటూ వెళ్ళేవారికి

జీపీఎస్‌లో "మ్యూలెన్‌బర్గ్" అని కొట్టి బయల్దేరితే ఆలెన్‌టౌన్‌లో ఓ కాలేజీ గేటు ముందు తేలుతారు, లేదా రెడింగ్ పక్కనున్న అదే పేరు టౌన్‌షిప్‌లో. పాత పుస్తకాల్లో ఈ ఊరికున్న పేరు చూసి "న్యూ ప్రావిడెన్స్" అని కొడితే ఇంకా ఘోరం. ఆ పేరుతో ల్యాంకాస్టర్ కౌంటీలో వేరే ఊరుంది. జర్మన్ పాస్టరు హెన్రీ మెల్కియర్ మ్యూలెన్‌బర్గ్ కట్టించిన ఆగస్టస్ లూథరన్ చర్చి ఉన్నది పెన్సిల్వేనియాలోని మాంట్‌గామరీ కౌంటీలో, ట్రాప్ అనే చిన్న ఊళ్ళో, 717 వెస్ట్ మెయిన్ స్ట్రీట్‌లో. ఆ ఊరికీ పక్కనున్న కాలేజ్‌విల్‌కీ జిప్ కోడ్ ఒకటే, 19426. అందుకే కొన్ని మ్యాపుల్లో ఊరి పేరు కాలేజ్‌విల్ అని కనిపిస్తుంది. కంగారు పడనక్కర్లేదు, అదే చోటు.

ఫిలడెల్ఫియా నుంచి సుమారు 30 మైళ్ళు. ఎక్స్‌టన్, కింగ్ ఆఫ్ ప్రష్యా వైపు ఉండే తెలుగువాళ్ళకైతే వారాంతపు షాపింగుకు వెళ్ళినంత దూరం. అయినా మనవాళ్ళు అటు వెళ్ళడం తక్కువ. గుంటూరు, పల్నాడు, రాజమండ్రి లూథరన్ సంఘాల పుట్టుక వెతుక్కుంటూ పోతే దారి ఈ గడప దగ్గరికి చేరుతుందని చాలామందికి తెలియకపోవడమే అందుకు కారణం కావచ్చు.

ముందు "అతి పాతది" అనే మాట సంగతి

ఈ చుట్టుపక్కల ప్రతి పాత చర్చి ముందూ "ఓల్డెస్ట్" అనే బోర్డు ఉంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు గానీ ఒక్కొక్కరు లెక్కించేది ఒక్కొక్కటి. ట్రాప్ చర్చి చెప్పుకునేది భవనం గురించి: పెద్ద మార్పులేవీ లేకుండా, ఒకే సంఘం చేతిలో, ఇప్పటికీ ఆరాధన జరుగుతున్న లూథరన్ మందిరాల్లో అమెరికాలో ఇది అన్నిటికన్నా పాతది. సంఘం వయసు చూస్తే గిల్బర్ట్స్‌విల్ దగ్గరి న్యూ హానోవర్ ముందుంటుంది. అక్కడి జర్మన్ లూథరన్ సంఘం 1700 నాటిది, ఇప్పుడు కనిపించే రాతి భవనం మాత్రం 1767లో మొదలుపెట్టింది. ఫిలడెల్ఫియాలో నది ఒడ్డునున్న గ్లోరియా డే 1700 నాటి కట్టడమే, లూథరన్లు కట్టిందే. కానీ వాళ్ళు స్వీడిష్ వాళ్ళు, ఇప్పుడది ఎపిస్కోపల్ చర్చి. జర్మన్ లూథరన్ చరిత్రలో దానికి వేరే స్థానం ఉంది: 1703 నవంబరులో యుస్టుస్ ఫాల్క్‌నర్ అనే జర్మన్ యువకుడికి గురుపట్టాభిషేకం జరిగింది అక్కడే. ఇక న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ సంఘం 1649 నాటిది, అది డచ్ వలస కాలపు ముచ్చట.

ఒక్కపూటే ఉంటే ట్రాప్ చూడండి. రోజంతా తిరిగే ఓపిక ఉంటే న్యూ హానోవర్ కలుపుకోండి. ఫిలడెల్ఫియా డౌన్‌టౌన్‌లోని జర్మన్ లూథరన్ స్థలాల కోసం మాత్రం ప్రత్యేకంగా వెళ్ళకండి. ఎందుకో కింద చెబుతాం.

ఒక పాస్టరు కోసం తొమ్మిదేళ్ళు

1727 నుంచి ఫిలడెల్ఫియా రేవులో దిగే జర్మన్లు ఇంగ్లండ్ రాజుకు విధేయత ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సి వచ్చేది. ఆ జాబితాలు నేటికీ ఉన్నాయి, వంశ చరిత్రలు వెతికేవాళ్ళకు అవే మొదటి మెట్టు. ఓడ చార్జీ కట్టలేనివాళ్ళు రేవులోనే ఎవరో ఒక యజమానికి కొన్నేళ్ళ వెట్టికి ఒప్పుకుని ఆ అప్పు తీర్చేవారు. పెద్దవాళ్ళకు మామూలుగా మూడు నుంచి ఆరేళ్ళు, పిల్లలకైతే 21వ ఏడు వచ్చేదాకా. అలా వచ్చినవాళ్ళకు భూమి దొరికింది, పని దొరికింది. పాస్టరు దొరకలేదు.

ఫిలడెల్ఫియా, న్యూ ప్రావిడెన్స్ (అదే ట్రాప్), న్యూ హానోవర్, ఈ మూడు సంఘాలు కలిసి 1733లో ముగ్గురిని యూరప్ పంపాయి. చందాలు పోగుచేయాలి, జర్మనీలో హాలే అనే ఊళ్ళోని ఫ్రాంకె సంస్థల నుంచి ఒక పాస్టరును అడగాలి. అడిగారు. ఉత్తరాలు నడిచాయి, ఏళ్ళు గడిచాయి. మనిషిని పంపాలంటే ముందు జీతం ఖాయం చేయమని అటువైపు వాళ్ళు, మనిషిని చూడకుండా జీతం ఎలా రాసిస్తామని ఇటువైపు వాళ్ళు. పెళ్ళిచూపుల్లో కట్నం దగ్గర ఆగిపోయిన సంబంధంలా అక్కడే నిలిచిపోయింది వ్యవహారం. దాన్ని కదిలించినవాడు కౌంట్ త్సిన్‌త్సెన్‌డోర్ఫ్. మొరేవియన్లు అనే మరో ప్రొటెస్టెంట్ శాఖ నాయకుడైన ఈ ప్రభువు 1741 చివర్లో పెన్సిల్వేనియా వచ్చి, తానే ఫిలడెల్ఫియా లూథరన్లకు పాస్టరునన్నాడు. ఆయన ఆ దారి పట్టాడని తెలిశాక జీతం సంగతి పక్కన పెట్టి, 1741లోనే హాలే వాళ్ళు మ్యూలెన్‌బర్గ్‌ను పిలిచారు.

మ్యూలెన్‌బర్గ్ 1711లో ఐన్‌బెక్‌లో పుట్టాడు. హాలేలో ఆయన్ను మొదట అనుకున్నది అమెరికాకు కాదు, భారతదేశానికి. ట్రాంక్విబార్‌కు (తమిళనాడులోని తరంగంబాడి) 1706 నుంచి మిషనరీలను పంపుతున్నదీ ఆ హాలేనే. అక్కడినుంచి 1719లో వచ్చిన బెంజమిన్ షుల్ట్స్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, బైబిల్ అనువాదం చేసి, 1743లో తిరిగి వెళ్ళాడు. ట్రాప్‌లో పునాది రాయి పడిన ఏడాదీ అదే. తెలుగు అక్షరాలతో అచ్చయిన తొలి పుస్తకాలు 1746-47లో వెలువడింది హాలేలోనే. ఒకే గడప నుంచి ఒక దారి మద్రాసుకు, ఇంకో దారి పెన్సిల్వేనియాకు. ట్రాప్ చర్చి పేరులోని "ఆగస్టస్" కూడా హాలే సంస్థల స్థాపకుడు ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె పేరే.

1742 నవంబరు 25న మ్యూలెన్‌బర్గ్ ఫిలడెల్ఫియా చేరాడు. ఎవరూ ఎదురొచ్చి దండలు వేయలేదు. న్యూ హానోవర్‌లో ఒకాయన, ఫిలడెల్ఫియాలో మరొకాయన అప్పటికే పాస్టర్లమంటూ కూర్చున్నారు. త్సిన్‌త్సెన్‌డోర్ఫ్ సంఘం రికార్డు పుస్తకం ఇవ్వనన్నాడు. మ్యూలెన్‌బర్గ్ దగ్గర లండన్ నుంచి తెచ్చుకున్న నియామక పత్రం ఉంది. దాన్ని చూపించి సుమారు నెల రోజుల్లో మూడు సంఘాల సమ్మతి సంపాదించాడు. ఐదు నెలలు తిరిగేసరికి ట్రాప్‌లో శంకుస్థాపన జరిగింది: 1743 మే 2. మందిర ప్రతిష్ఠ 1745 అక్టోబరు 6.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. 1752 దాకా ఇంగ్లీషు వలసల్లో పాత జూలియన్ క్యాలెండరే నడిచింది, కొత్తదానికన్నా 11 రోజులు వెనక. అందుకే పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే తొలి లూథరన్ సినడ్ (సంఘాల సమాఖ్య) కూడింది 1748 ఆగస్టు 15న అని ఒక చోట, 26న అని ఇంకో చోట కనిపిస్తుంది. రెండూ ఒకటే రోజు. ఈ మినిస్టీరియం పేరు గుర్తుంచుకోండి, గుంటూరు కథలో మళ్ళీ వస్తుంది.

మందిరం దగ్గర ఏం చూడాలి

రోడ్డు మీద నుంచి ముందు కళ్ళబడేది పాత మందిరం కాదు, 1850లలో కట్టిన ఇటుక చర్చి. సంఘం పెరిగాక కొత్తది పక్కన కట్టుకున్నారు గానీ పాతదాన్ని కూల్చలేదు. ఈ యాత్ర మొత్తానికి ఆధారం ఆ నిర్ణయమే. కారు ఆపి ఇటుక చర్చి దాటి నడిస్తే, సున్నపు గచ్చు పూసిన రాతి గోడలతో, మధ్యలో వాలు విరిగిన కప్పుతో పొట్టిగా కనిపించే కట్టడం పాత మందిరం. ఒక చివర గోడ నేరుగా లేకుండా పలకలు పలకలుగా మలుపు తిరిగి ఉంటుంది. శిఖరం లేదు, గంట గోపురం లేదు. జర్మనీ పల్లెల్లోని పనితనం తెలిసిన చేతులు, దొరికిన రాయీ ఓక్ కర్రా పెట్టి కట్టిన రూపం అది. 1967 నుంచి ఇది జాతీయ చారిత్రక కట్టడం.

తలుపు పైన లాటిన్ శిలాఫలకం ఉంది. చాలామంది ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, చదవరు. అందులో ఉన్నదిది: క్రీస్తు నడిపింపు కింద, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణానికి (లూథరన్ల మూల విశ్వాస పత్రం) చెందిన సమాజం కోసం, హెన్రీ మెల్కియర్ మ్యూలెన్‌బర్గ్ సంఘపెద్దలతో కలిసి పునాది నుంచి ఈ ఇంటిని కట్టాడు. "నడిపింపు" అన్నచోట వాడిన లాటిన్ మాటకు అసలు అర్థం పడవ తెడ్లు వేయడం. సముద్రం దాటి వచ్చినవాళ్ళ గుమ్మం మీద ఆ మాటే పడింది. కింద ఆరుగురు పెద్దల పేర్లు: క్రాస్‌మన్, మార్‌స్టెలర్, హైల్‌మన్, మ్యూలర్, హాస్, కెబ్నర్. జర్మన్ రైతుల పేర్లకు లాటిన్ విభక్తులు తగిలించారు కాబట్టి "మ్యూలెరో", "హాసియో" అని కనిపిస్తాయి.

లోపలికి వెళ్ళాలంటే ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఇది మ్యూజియం కాదు, సొంత సంఘం ఉన్న చర్చి. పాత మందిరంలో వేసవిలో కొన్ని ఆరాధనలు జరుగుతాయి, మిగతా రోజుల్లో తాళం వేసి ఉండవచ్చు. వారం, పది రోజుల ముందు చర్చి ఆఫీసుకు ఫోన్ చేసి, ఎంతమంది వస్తున్నారో, ఏ పూటకో చెప్పండి. శనివారం పెళ్ళి ఉంటే లోపలికి పంపరు. ఆదివారం ఆరాధన వేళకు వెళ్తే కూర్చుని పాల్గొనాలి, మధ్యలో లేచి ఫొటోలు తీయకూడదు. టికెట్టు అడగకపోయినా నిర్వహణకు తోచినంత వేయడం మర్యాద.

లోపల చూడాల్సినవి నాలుగు. చేత్తో చెక్కిన ఓక్ దూలాలు, వాటి మీద గొడ్డలి గాట్లు. తలుపులున్న పెట్టె బెంచీలు, వాటి కమ్మరి ఇనప బందులు. చుట్టూ పై అంతస్తు గ్యాలరీలు. పైన చెక్క గొడుగున్న ఎత్తైన ప్రసంగ వేదిక. ఆ గొడుగు అలంకారం కాదు, మైకు లేని రోజుల్లో పాస్టరు గొంతు పైకప్పులోకి పోకుండా కిందికీ వెనక వరసలకీ మళ్ళించే పరికరం. వీలుంటే ఒకరు అక్కడ నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే, ఇంకొకరు చివరి బెంచీలో కూర్చుని వినండి. తేడా తెలుస్తుంది. మందిరంలో హీటింగు, ఏసీ లేవు. జులై మధ్యాహ్నం పెద్దవాళ్ళను తీసుకెళ్ళకండి. జనవరిలో లోపల కోటు విప్పలేరు. సెప్టెంబరు చివర, అక్టోబరు అన్నిటికన్నా మేలు. గ్యాలరీ మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్నవారు కిందే ఉండడం మంచిది.

ఈ బెంచీల ముందు ఆర్గన్ వాయించినవాళ్ళలో గాట్లీబ్ మిట్టెల్‌బెర్గర్ ఒకడు. 1750లో ఒక ఆర్గన్‌ను వెంటబెట్టుకుని ఓడెక్కి వచ్చి, ట్రాప్‌లో బడిపంతులుగా, ఆర్గనిస్టుగా పనిచేసి, 1754లో తిరిగి వెళ్ళిపోయాడు. ఓడల్లో ఆకలీ జబ్బులూ, రేవులో మనుషుల బేరమూ చూసినవాడు కాబట్టి, ఎవరూ రావద్దని హెచ్చరిస్తూ పుస్తకం రాశాడు. ఎవరూ వినలేదు.

1777 సెప్టెంబరు 27న మ్యూలెన్‌బర్గ్ ఈ మందిరంలోకి వచ్చి చూసింది ఆయన దినచర్యలో ఉంది. స్వాతంత్ర్య యుద్ధంలో బ్రాండీవైన్ దగ్గర అమెరికన్లు ఓడాక వెనక్కి జరుగుతున్న మిలీషియా (పౌర సైనిక దళం) లోపల మకాం పెట్టింది. పైన ఒకడు ఆర్గన్ వాయిస్తుంటే మిగతావాళ్ళు పాడుతున్నారు. కింద గడ్డీ పేడా. బలిపీఠం మీద తిండి. మార్గదర్శకులు ఈ మందిరాన్ని స్వాతంత్ర్య సమరానికి సాక్షి అని గొప్పగా చెబుతారు. ఆ రోజు ముసలి పాస్టరు గారికి ఎలా ఉండిందో ఈ నాలుగు ముక్కల్లో తెలుస్తుంది.

సమాధుల తోట

మందిరం వెనక, గోడ బయటే మ్యూలెన్‌బర్గ్ సమాధి. 1787 అక్టోబరు 7న పోయాడు. పలక మీద లాటిన్‌లో చివరి మాట: ఆయన ఎవరో, ఎంతటివాడో రాయి లేకపోయినా రాబోయే తరాలకు తెలుస్తుంది. ఈ మాట రాయి మీదే చెక్కించారు, అది వేరే విషయం. పక్కన కొడుకు జనరల్ పీటర్ మ్యూలెన్‌బర్గ్, 1746 అక్టోబరు 1న పుట్టి 1807 అక్టోబరు 1నే కన్నుమూశాడు. 1776లో వర్జీనియాలో ప్రసంగం ముగించి అంగీ విప్పితే లోపల సైనిక దుస్తులున్నాయన్న కథ ఈయనదే. ఆ కథ అచ్చులోకి వచ్చింది 1849లో, బంధువు రాసిన జీవితచరిత్రలో. పీటర్ సైన్యంలో చేరడం నిజం, అంగీ ముచ్చటను కథగానే వినాలి. పెన్సిల్వేనియా గవర్నరుగా చేసిన ఫ్రాన్సిస్ షంక్ సమాధి కూడా ఈ తోటలోనే, ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే.

పాత పలకల మీద ఫ్రాక్టూర్ అనే పాతకాలపు జర్మన్ లిపి అక్షరాలు. నాలుగు మాటలు తెలిస్తే చాలావాటిని చదవొచ్చు: "హియర్ రూట్" అంటే ఇక్కడ విశ్రమిస్తున్నారు, "గెబోరెన్" పుట్టిన, "గెస్టోర్బెన్" మరణించిన, "ఆల్ట్" వయసు. ఆ వయసును యార్ (ఏళ్ళు), మోనాట్ (నెలలు), టాగె (రోజులు) అని విడివిడిగా ఇస్తారు. పసిపిల్లల పలకల మీద ఏళ్ళ లెక్క ఉండదు, నెలలూ రోజులే. అక్షరాలు కనబడటం లేదని సుద్ద రుద్దడం, షేవింగ్ క్రీమ్ పూయడం చేయకండి, మెత్తటి ఇసుకరాయి పొరలుగా ఊడిపోతుంది. పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్ళండి, లేదా పక్క నుంచి ఫోన్ టార్చి వేయండి, గాట్లు నీడతో తేలతాయి. గడ్డి ఎక్కువ, కాబట్టి టిక్స్ (పిడుదులు) ఉంటాయి. పెన్సిల్వేనియాలో వీటితో లైమ్ వ్యాధి మామూలే. మే నుంచి అక్టోబరు దాకా పొడుగు ప్యాంటు, సాక్సు వేసుకుని, ఇంటికొచ్చాక పిల్లల కాళ్ళు, చెవుల వెనక చూసుకోండి.

అదే వీధిలో, అదే దారిలో

మెయిన్ స్ట్రీట్ మీదే తూర్పుగా వస్తే 201లో మ్యూలెన్‌బర్గ్ చివరి ఇల్లు, 151లో కొడుకు ఫ్రెడరిక్ ఇల్లు. ఫ్రెడరిక్ అమెరికా ప్రతినిధుల సభకు మొదటి స్పీకరు, అందుకే దాని పేరు స్పీకర్స్ హౌస్. ఇతని సమాధి మాత్రం ఇక్కడ లేదు, ల్యాంకాస్టర్‌లో ఉంది. ఇతని ఒక్క ఓటు వల్లే జర్మన్ అమెరికా అధికార భాష కాకుండా పోయిందని తరచూ వింటారు. నమ్మకండి. 1794లో వర్జీనియా జర్మన్లు అడిగింది చట్టాలను జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయమని మాత్రమే. 1795 జనవరిలో 42-41తో తేలినది కూడా సభను వాయిదా వేయాలా వద్దా అన్న ఓటింగు.

పెద్దాయన ఇల్లు చూడదగ్గది. యుద్ధం ముంచుకొస్తుందని 1776లో ఫిలడెల్ఫియా వదిలి ఇక్కడికి చేరాడు. హాలే అనాథాశ్రమం ఔషధశాల నుంచి తెప్పించిన మందులు ఈ కుటుంబం అమ్మేది. ప్రసంగంతోపాటు మాత్రలు కూడా ఇచ్చే పాస్టరన్న మాట. ఈ రెండు ఇళ్ళూ ఒకే చరిత్ర సంస్థ చూసుకుంటుంది, చర్చితో వాటికి సంబంధం లేదు. కాబట్టి చర్చి వాళ్ళతో మాట్లాడినా వీటికి వేరేగా మాట్లాడుకోవాలి. చలికాలంలో తెరిచే రోజులు తక్కువ. మూడింటికీ ఒకే రోజు కుదిరేలా పెట్టుకోవడమే ఈ యాత్రలో కష్టమైన పని. కుదరకపోతే చర్చికి ప్రాధాన్యం ఇవ్వండి, ఇళ్ళను బయటి నుంచి చూసినా నష్టం లేదు.

న్యూ హానోవర్‌కు ట్రాప్ నుంచి రిడ్జ్ పైక్ మీద పడమరగా లిమరిక్ దాకా వెళ్ళి, అక్కడ చీలే స్వాంప్ పైక్ పట్టుకోవాలి. అరగంట లోపే. ఈ ప్రాంతాన్ని పాతరోజుల్లో "ఫాల్క్‌నర్స్ స్వాంప్" అనేవారు, రోడ్డుకు ఆ పేరే మిగిలింది. ఊరి పేరు కూడా జాగ్రత్త, ఉత్త "హానోవర్" అని కొడితే యార్క్ కౌంటీకి తీసుకెళ్తుంది. భవనం ట్రాప్ కన్నా పెద్దది, లోపల మార్పులు ఎక్కువ. సంఘం చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి తప్పనిసరి, కట్టడం కోసమే అయితే దాటేయొచ్చు.

ఇక ఫిలడెల్ఫియా. మూడు సంఘాల్లో పెద్దదీ డబ్బున్నదీ అదే. ఫిఫ్త్ స్ట్రీట్‌లో సెయింట్ మైకేల్స్ మందిరం, ఫోర్త్, చెర్రీ వీధుల మూలలో 1760లలో కట్టిన జయాన్ మందిరం. వాషింగ్టన్ చనిపోయినప్పుడు 1799 డిసెంబరు 26న జాతీయ సంతాప సభ జరిగింది జయాన్‌లోనే, ఎందుకంటే ఊళ్ళో అంత జనం పట్టే కప్పు ఇంకెక్కడా లేదు. ఆ రెండిట్లో ఒక్కటీ ఇప్పుడు లేదు. జర్మన్ కుటుంబాలు ఉత్తరానికి తరలాయి, ఆ వీధులు వ్యాపారులకు పోయాయి. భాష గొడవ కూడా తోడైంది: ఇంగ్లీషులో ఆరాధన కావాలన్న వర్గం విడిపోయి 1806లో సెయింట్ జాన్స్ పెట్టుకుంది. ఆదివారం పిల్లల్ని తెలుగు క్లాసుకు లాక్కెళ్ళే తల్లిదండ్రులకు ఆ గొడవ ఇట్టే అర్థమవుతుంది. డబ్బులేని పల్లె సంఘం పాతదాన్ని ఉంచుకుంది, డబ్బున్న పట్నం సంఘం పోగొట్టుకుంది. ఇండిపెండెన్స్ హాల్ చూడటానికి ఎలాగూ వెళ్తే ఆ మూలకు నాలుగడుగులు వేయండి, అంతే. పార్కింగు రుసుము దండగ.

వ్యాలీ ఫోర్జ్ పార్కు మాత్రం దారిలోనే, ప్రవేశం ఉచితం. కార్లో తిరిగే దారిలో మ్యూలెన్‌బర్గ్ బ్రిగేడ్ దగ్గర తిరిగి కట్టిన సైనికుల చెక్క గుడిసెలున్నాయి. పీటర్ దళం 1777-78 చలికాలం గడిపిన చోటు. పిల్లలకు చర్చి కన్నా ఇదే నచ్చుతుంది.

బస, బండి, భోజనం

బసకు మూడు వైపులున్నాయి. కింగ్ ఆఫ్ ప్రష్యాలో హోటళ్ళు ఎక్కువ, మన రెస్టారెంట్లూ కిరాణా కొట్లూ దగ్గర. లోపమల్లా 422 రోడ్డు. సాయంత్రం పడమర వైపు, పొద్దున తూర్పు వైపు ఓక్స్ దగ్గర బండ్లు బారులు తీరతాయి. పొద్దున మీరు వెళ్ళేది పడమరకే కాబట్టి పర్వాలేదు, తిరుగు ప్రయాణం కూడా రద్దీకి ఎదురే. కాలేజ్‌విల్, ఓక్స్ వైపు గదులు అన్నిటికన్నా దగ్గర, కానీ ఓక్స్ ఎక్స్‌పో సెంటర్లో ప్రదర్శన ఉన్న వారాంతం రేట్లు ఎగిరిపోతాయి. తేదీ ఖాయం చేసేముందు ఎక్స్‌పో క్యాలెండరు చూడండి. లిమరిక్, పాట్స్‌టౌన్ వైపు మామూలుగా చవక, న్యూ హానోవర్‌కు దగ్గర. డౌన్‌టౌన్‌లో దిగి రోజూ వచ్చిపోదామనుకోవడం పొరపాటు, రాత్రి పార్కింగు ఖర్చుకు తోడు షూకిల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద గంట పోతుంది.

కారు లేకపోతే: సెంటర్ సిటీ నుంచి నారిస్‌టౌన్‌కు సెప్టా రైలు, అక్కడి నుంచి పాట్స్‌టౌన్ వెళ్ళే 93 నంబరు బస్సు. అది ట్రాప్ మెయిన్ స్ట్రీట్ మీదుగానే పోతుంది. ఆదివారం బస్సులు పలచన. దిగగానే తిరుగు బస్సు వేళ చూసుకోండి, మిస్సయితే చాలాసేపు రోడ్డు పక్కన నిలబడాలి.

శాకాహారులకు ఒక మాట. పెన్సిల్వేనియా జర్మన్ల షూఫ్లై పై అనే బెల్లప్పాకం లాంటి తీపి నోరూరిస్తుంది, కానీ సంప్రదాయంగా చేసేచోట దాని పిండిలో పంది కొవ్వు కలుపుతారు. అడిగి తినండి. స్క్రాపిల్ అయితే అడగనక్కర్లేదు, అది పంది మాంసంతో చేసేదే.

గుంటూరు దాకా

జర్మనీలో హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 14 ఏళ్ళ వయసులో, 1807లో ఫిలడెల్ఫియాలోని బంధువుల ఇంటికి వచ్చాడు, జయాన్ సంఘంలో పెరిగాడు. 1841లో ఆయన్ను భారతదేశం పంపింది మ్యూలెన్‌బర్గ్ కూడగట్టిన పెన్సిల్వేనియా మినిస్టీరియమే. వేరే సంఘాల మిషన్ బోర్డు కింద వెళ్ళమన్న ఏర్పాటును ఆయన కాదన్నాక, లూథరన్ సినడ్ సొంతంగా ఖర్చు భరించింది. 1842 జులై 31న గుంటూరు చేరాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. తర్వాత పల్నాడులో గురజాల, వృద్ధాప్యంలో మళ్ళీ వచ్చి రాజమండ్రి. ఆ మొలకే 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా నిలబడింది.

ట్రాప్ ఉన్న మాంట్‌గామరీ కౌంటీ నుంచే ఇంకొకరు వచ్చారు. కౌంటీ దక్షిణ కొసన ఆర్డ్‌మోర్‌లో 1856లో పుట్టిన డాక్టర్ ఆనా కుగ్లర్, ట్రాప్ బస్సు బయల్దేరే నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పనిచేసి, 1883లో గుంటూరు వచ్చింది. కుగ్లర్ ఆసుపత్రి పేరు అక్కడ పుట్టిన మూడు తరాలకు తెలుసు, ఆమె ఊరు తెలిసినవాళ్ళు తక్కువ.

హయ్యర్ 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో పోయాడు గానీ సమాధి అక్కడ లేదు. భార్య పక్కన, సోమర్‌సెట్ కౌంటీ ఫ్రీడెన్స్ ఊళ్ళో ఉంది. ట్రాప్ నుంచి అదే రోజు వెళ్ళి రావచ్చనుకోకండి. వ్యాలీ ఫోర్జ్ దగ్గర టర్న్‌పైక్ ఎక్కే ఎగ్జిట్ నంబరు 326, సోమర్‌సెట్ 110. ఆ నంబర్లు మైలురాళ్ళే, అంటే ఒకవైపు 216 మైళ్ళు. పిట్స్‌బర్గ్ వెళ్ళేవాళ్ళు దారిలో పెట్టుకోవడం తెలివైన పని, 2001 సెప్టెంబరు 11న కూలిన ఫ్లైట్ 93 విమానం స్మారకం కూడా ఆ దగ్గర్లోనే. టోల్ బూతుల్లో నగదు తీసుకోరు. ఈజీపాస్ (టోల్ దానంతటదే కట్టే పరికరం) లేకపోతే నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు, అది చాలా ఎక్కువ. అద్దె కారైతే దాని మీద కంపెనీ రోజువారీ రుసుము కూడా పడొచ్చు, కాబట్టి సొంత ఈజీపాస్ పట్టుకెళ్ళి, కారు నంబరు దాని ఖాతాలో ముందే చేర్చుకోండి. కొండ ప్రాంతం, నవంబరు నుంచే మంచు పడుతుంది. హయ్యర్ సమాధి పలక దగ్గరికి నడిచే బాట తడిగా ఉండొచ్చు, బూట్లు వేసుకోండి.